జాన్ బాషా ఫోనెత్తలేదు

ఆ మంగళవారం నాటి పథకంలో తికమక పడాల్సింది ఏమీ లేదు. జాన్ బాషా తెల్లవారుజామునే ట్రాలీ ఆటో తీసి, పర్చూరు దగ్గరున్న బావమరిది అన్వర్ కల్లానికి వెళ్తాడు. ఎండిన మిరపకాయ బస్తాలు ఎక్కించుకుని గుంటూరు తిరిగొచ్చి, వాటిని ఏసీలో పెట్టిస్తాడు. పది గంటలకల్లా బ్రాడీపేటలో ఇల్లు చేరి పెసరట్టు తింటాడు. గుంటూరు వైపు ఏసీ అంటే గోడకు తగిలించేది కాదనీ, రైతులు కాయ చెడకుండా దాచుకునే కోల్డ్ స్టోరేజీ అనీ ఇక్కడ పాకే పిల్లలకు కూడా తెలుసు. తెలియనివాడు ఆ వీధిలో ఒక్కడే ఉన్నాడు. ఆయన సంగతి కాసేపట్లో వస్తుంది.

ఈ పథకానికి ఆ రోజే కొత్తగా ఒక షరతు చేరింది. జాన్ బాషాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే, బండి కదిలిందంటే ఫోను కావాలి. తల ఎడమ భుజం మీదికి వాల్చి, మధ్యలో ఫోను నొక్కిపెట్టి, పర్చూరు నుంచి గుంటూరు దాకా లోకాభిరామాయణం నడిపిస్తాడు. ఏళ్ళ తరబడి అలా వాల్చీ వాల్చీ మెడ ఒక పక్కకు ఒరిగిపోయి, ఫోను లేనప్పుడు కూడా ఎవరి మాటో వింటున్నట్టే కనిపిస్తాడు. కిందటి వారం అలాగే మాట్లాడుతూ ఏటుకూరు దగ్గర గేదెను తప్పించబోయి బండిని పంటకాలవ అంచు దాకా తీసుకెళ్ళాడు. ముందు చక్రం గాలిలో తిరిగింది. గేదెకు ఏమీ కాలేదు. జాన్ బాషాకూ ఏమీ కాలేదు. ఆ సంగతి విన్న భార్య నజీరాకు మాత్రం వారం రోజులుగా నిద్ర లేదు.

"మీకేమన్నా అయితే నేనూ పిల్లా ఏమైపోవాలి? ఇకనుంచి బండి తోలేటప్పుడు ఫోను ముట్టుకోవడానికి వీల్లేదు. మన పిల్ల సమీరా మీద ఒట్టెయ్యండి" అంది భర్తతో.

"అట్లాగేలేవే."

"అట్లాగేలేవే కాదు. అంత అవసరమైతే బండి ఆపండి, దిగండి, రోడ్డు పక్కన నిలబడండి. అప్పుడు మాట్లాడండి."

ఒట్టు వేయించుకున్నా నజీరాకు నమ్మకం చాలలేదు. బండి బయల్దేరే ముందు తనే అతని ఫోనును పాత చున్నీ ముక్కలో చుట్టి, ముడి మీద ముడి బిగించి, సీటు పక్కనున్న డబ్బాలో పడేసి మూత వేసింది. పక్క వాటాలో ఉండే రామమూర్తి మాస్టారు అరుగు మీద నిలబడి ఇదంతా చూసి మెచ్చుకున్నాడు. ఆయన ఉద్యోగమంతా విజయనగరం వైపు చేసి, రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉందామని రెండు నెలల క్రితమే గుంటూరు వచ్చాడు. పేపర్లో రోడ్డు ప్రమాదాల వార్తలు గట్టిగా చదివి నజీరాకు వినిపించింది ఆయనే.

"ఒక్క క్షణం చాలమ్మా! రోడ్డు మీంచి ఒక్క క్షణం చూపు మళ్ళితే చాలు!" అని వేలు పైకెత్తి మరీ చెప్పాడు.

పది గంటలైంది. పెనం కాలింది, జాన్ బాషా రాలేదు. పదిన్నరకు నజీరా ఫోను చేసింది. తను పెట్టిన షరతు తనకు గుర్తుండకపోలేదు. ఎత్తితే ఒట్టు తప్పినట్టు, ఎత్తకపోతే బండి తోలుతున్నట్టు, ఎలాగైనా ఒక సంగతి తెలుస్తుంది కదా అనుకుంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

మొదట ఆమెకు ముచ్చటేసింది. రెండోసారి కూడా ఎత్తకపోతే, పర్వాలేదు, మాట మీద నిలబడ్డాడు అనుకుంది. నాలుగోసారికి ముచ్చట పోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో జాన్ బాషా రెండో రింగుకు ఫోను ఎత్తకపోవడమన్నది నమాజులో ఉన్నప్పుడు తప్ప జరగలేదు. ఎత్తిన మనిషి బతికి ఉన్నట్టు తెలుస్తుంది. ఎత్తని మనిషి బండి తోలుతున్నాడో, కాలవలో ఉన్నాడో ఎలా తెలియాలి? షరతు పెట్టినప్పుడు ఈ సందేహం ఆమెకు రాలేదు. తమ్ముడు అన్వర్‌కు చేస్తే ఎంతసేపటికీ ఎంగేజ్. మళ్ళీ భర్తకే చేసింది. ఇరవై మూడోసారి, "మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఒక ఆడగొంతు తీరిగ్గా చెప్పింది.

నజీరా పొయ్యి కట్టేసి మాస్టారి గుమ్మంలోకి పరిగెత్తింది.

"ఫోను ఎత్తకపోవడమే మంచిదమ్మా. ఎత్తాడంటే అప్పుడు భయపడాలి" అన్నాడాయన మొదట. అందుబాటులో లేదన్న మాట చెప్పగానే ఆయన ముఖం మారింది. "అయితే సిగ్నల్ లేకపోవచ్చు. లేదా ఫోను పగిలిపోయి ఉండవచ్చు. పగలాలంటే మరి..." అని ఆగాడు.

"ఏమండీ, మీరు ఇంకేం మాట్లాడకండి" అంది లోపలి నుంచి ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ.

నజీరా అప్పటికే కూతురి స్కూటీ తాళం తీసుకుంది. "మాస్టారూ, ఇది సుభానీ నంబరు. ఏసీ దగ్గర బస్తాలు దింపే ముఠాకు మేస్త్రీ. ఇది మా తమ్ముడిది. మీరు ఇద్దరికీ చేస్తా ఉండండి. నేను పర్చూరు రోడ్డు పట్టుకుని చూసుకుంటా పోతా" అని చున్నీ బిగించి వెళ్ళిపోయింది.

నిజానికి ఆ సమయానికి జరిగింది ఇది. జాన్ బాషా మొదటి లోడును ఎనిమిదిన్నరకే ఏసీలో దింపేశాడు. అన్వర్ కల్లంలో ఇంకో లోడు మిగిలి ఉంటే, ఎండ ముదరకముందే అదీ తెచ్చేద్దామని మళ్ళీ పర్చూరు వెళ్ళాడు. ఇంటికి ఒక మాట చెబుదామని డబ్బా మూత తీశాడు గానీ, భార్య వేసిన ముడులు చూసి బద్ధకించాడు. చున్నీలో చుట్టిన ఫోను మోత ఇంజన్ మోతలో కలిసిపోయింది. దారిలో ఒకచోట సిగ్నలూ పోయింది.

సుభానీకి ఫోను వెళ్ళేసరికి అతను బైకు మీద ఉన్నాడు. ఫోనును హెల్మెట్ సందులోకి దూర్చి "ఎవరూ?" అని అరిచాడు.

"నేను జాన్ బాషా గారి పక్కింటి నుంచి మాట్లాడుతున్నాను బాబూ. ఆయన..."

"జాన్ బాషాదా సార్? పొద్దున ఎనిమిదిన్నరకే ఏసీలో పెట్టేశాం."

రామమూర్తి కుర్చీ అంచు పట్టుకున్నాడు. "పెట్టేశారా?"

"ఆఁ. మావోళ్ళు నలుగురు మోశారు."

"ఇంట్లో వాళ్ళకు చెప్పకుండానే?"

"ఇంట్లో వాళ్ళతో పనేముంది సార్? చీటీ నా దగ్గరుంది. ఎవరో ఒకరొచ్చి సంతకం పెట్టి తీసుకుపొమ్మనండి."

"ఎంతసేపు ఉంచుతారు బాబూ, అందులో?"

"ఎంతసేపేంది సార్! ఏడాదున్నా రంగు మారదు. రేటొచ్చినప్పుడు బయటికి తీసి అమ్ముకోవడమే. ఒరేయ్, చూసుకో! చూసుకోరా!" చివరి మాటలు మాస్టారితో అన్నవి కావు. ఎవరో అడ్డం వచ్చినట్టున్నారు. కీచుమని బ్రేకు మోగి ఫోను కట్టయింది.

రామమూర్తి కుర్చీలో కూలబడ్డాడు. "ప్రసూనా, జాన్ బాషా పోయాడు. ఐస్ పెట్టెలో పెట్టారట. రేటు వస్తే అమ్ముకుంటారట!"

"ఎవర్ని?"

"అతన్నే!"

"మనిషిని ఎవరు కొంటారండీ? మీరు సరిగ్గా విన్నారా? మళ్ళీ ఒకసారి అడగండి."

"నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. నాకు తెలుగు అర్థం కాదా?"

ఆయన కళ్ళు తుడుచుకుని అన్వర్‌కు చేశాడు. ఆరోసారికి దొరికాడు. అతనూ బైకు మీదే ఉన్నాడు. కల్లం నుంచి ఊళ్ళోకి భోజనానికి వెళ్తున్నాడు.

"బాబూ, మీ బావగారు ఏసీలో ఉన్నారు" అన్నాడు రామమూర్తి, వీలైనంత మెత్తగా.

"అప్పుడే పోయాడా!" అన్నాడు అన్వర్, కాయలతో సహా గుంటూరు చేరిపోయాడనుకుని. "భలే తొందరగా పోయాడే!"

"అవును బాబూ. చాలా తొందరగా పోయాడు."

"మంచిదే కదా సార్. ఎండ ముదరకముందే పోవడం నయం. నాకూ బరువు తీరింది."

రామమూర్తి ఫోనును చెవి నుంచి తీసి ఒకసారి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ అక్కకు ఇంకా తెలియదయ్యా. ఎలా చెప్పమంటావు?"

"దాన్దేముంది సార్, ఫోన్ చేసి చెప్పేయండి. పాపం, పొద్దుట్నించీ ఎదురుచూస్తా ఉంటది. వింటే కాస్త స్థిమితపడుద్ది."

లోకంలో ఇలాంటి బావమరుదులు కూడా ఉంటారా అని రామమూర్తికి ఒళ్ళు మండింది. చిన్న చిన్న విషయాలకు కంగారు పడే మనిషే గానీ, ఆయన మనసు మంచిది. ఒంటరిగా స్కూటీ మీద పోతున్న ఆడమనిషి ఆ కబురు నడిరోడ్డు మీద ఎవరి నోటో వినకూడదని, తనే వెళ్ళి వెనక్కి తీసుకురావాలని నిశ్చయించుకున్నాడు. కారు తీశాడు. జ్ఞానప్రసూనాంబ పక్కన కూర్చుంది.

"ఆ ఫోను నాకివ్వండి, నేను మాట్లాడతా."

"ఇలాంటివి చెప్పడం నీకు చేతకాదు" అని ఆయన ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఫోను పట్టుకుని పర్చూరు రోడ్డు ఎక్కాడు.

ఆ రోడ్డు మీదే, నాలుగు మైళ్ళ ముందు, నజీరా కళ్ళు రోడ్డు మీద లేవు. కాలవలోకి చూస్తోంది, చెట్ల మొదళ్ళలోకి చూస్తోంది. ఏటుకూరు దాటాక ఒకచోట జనం గుమిగూడి కనిపిస్తే బండిని అటే తిప్పింది. దగ్గరికి వెళ్తే అది ఇడ్లీ బండి. ఎదురుగా ట్రాలీ ఆటో వచ్చిన ప్రతిసారీ ప్రాణం లేచివచ్చేది, అది వేరేవాళ్ళదని తెలిసి మళ్ళీ పోయేది. నేను ఒట్టు పెట్టించుకోకపోతే ఈపాటికి ఫోను ఎత్తి ఉండేవాడు అన్న ఆలోచన ఆమెను వదల్లేదు. ఆయన్ను కాపాడుకుందామని చేసిన పని ఆయన్ను దూరం చేసిందేమోనని ఏడుపు వచ్చేస్తోంది.

ఫోను మోగింది. భర్త తప్ప ఇంకెవరై ఉంటారనుకుని, బండి ఆపాలన్న ధ్యాస కూడా లేకుండా, దాన్ని చున్నీ మడతలోకి చెవి దగ్గర దూర్చుకుంది.

"అమ్మా నజీరా, ఏం లేదమ్మా. నువ్వు వెనక్కి వచ్చెయ్యి."

"ఏం లేకపోతే ఎందుకు రమ్మంటున్నారు మాస్టారూ?"

"ఏం లేదన్నాను కదా! ముందు నువ్వు ధైర్యంగా ఉండు!"

"ఏమైంది మాస్టారూ? నిజం చెప్పండి, మీకు దణ్ణం పెడతా!"

దణ్ణం పెట్టబోయి ఒక చెయ్యి నిజంగానే వదిలేసింది. అదే సమయానికి ఎదురుగా పత్తి లారీ వచ్చింది. లోడు రెండు పక్కలా పొట్టలు పొట్టలుగా వేలాడుతూ రోడ్డంతా తనదే అన్నట్టు వస్తోంది. హారన్ నజీరా చెవిలో పడలేదు, మాస్టారి ఊపిరి పీల్పులు మాత్రమే పడుతున్నాయి. లారీ గాలికి స్కూటీ పక్కకు తూలింది. జానెడు తేడాలో లారీ దాటిపోయింది. క్లీనర్ తల బయటపెట్టి తిట్టాడు. అయినా బండి ఆగలేదు, ఫోనూ ఆగలేదు.

మాస్టారి గొంతు మధ్యలో టక్ టక్ మని ఇంకో కాల్ వస్తున్న చప్పుడు. నజీరా చున్నీలోంచి ఫోను లాగి చూసింది. "సమీరా నాన్న" అని వెలుగుతోంది. భర్త పేరు నోటితో అనడం ఆమెకు అలవాటు లేదు, ఫోనులో కూడా రాసుకోలేదు.

"హలో! ఎక్కడున్నారండీ?"

"రోడ్డు పక్కనే ఉన్నా" అన్నాడు జాన్ బాషా, కాస్త గర్వంగానే. "బండి ఆపా, దిగా, నిలబడ్డా. అప్పుడే నీకు చేశా. ముడులిప్పి చూస్తే ఇరవై రెండు మిస్సుడు కాల్సేంటే? సమీరాకేమన్నా అయిందా?"

"మీరు... మీకు..." అంటుండగానే నజీరా కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. రోడ్డు మసకబారింది. స్కూటీ మెల్లగా ఎడమకు జరిగి మార్జిన్లోకి దిగింది. ఆ రోడ్డు పొడవునా మార్జిన్లో రైతులు మిరపకాయలు ఆరబోసి ఉన్నారు. ముందు చక్రం ఎర్రటి రాశిలోకి దూసుకుపోయి ఆగింది. నజీరా ఆగలేదు.

"అమ్మో!" అన్న కేక జాన్ బాషాకు ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో రోడ్డు అవతలి నుంచి వినిపించింది. మార్జిన్ నిండా కాయలు పరిచి ఉండటంతో అతను బండిని సగం తారు మీదే ఆపాల్సి వచ్చింది. ఆ బండి పక్కన నిలబడి తల తిప్పి చూస్తే, అవతల స్కూటీ పడి ఉంది, చక్రం తిరుగుతోంది, ఎర్రటి కాయల మధ్య పసుపు చున్నీ ఒకటి కదలకుండా ఉంది. ఆ చున్నీ తనే కొన్నాడు.

అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటేశాడు. ఎప్పుడూ పక్కకు వాలి ఉండే మెడ ఆ క్షణాన నిటారుగా నిలబడింది. "నజీరా! నజీరా!" అని మోకాళ్ళ మీద పడి కాయలు తోసేశాడు.

చున్నీ కదిలింది. నజీరా తుమ్మింది. ఏడుసార్లు వరసగా తుమ్మి, కళ్ళు తెరవలేక తెరిచి, అతని ముఖం చేతులతో తడిమింది.

"బతికే ఉన్నారా?"

"నాకేమైంది? చస్తే ఇప్పుడు చచ్చేవాణ్ణి, నిన్నిట్లా చూసి!"

మోచెయ్యి గీసుకుపోయింది తప్ప ఆమెకు దెబ్బలేమీ లేవు. కాయల రాశి పరుపులా పట్టుకుంది గానీ, ఘాటు మాత్రం వదల్లేదు. ఇద్దరూ అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చారు. అందులో కారం వల్ల వచ్చినదెంతో, భయం వల్ల వచ్చినదెంతో వాళ్ళు విడదీసి చూసుకోలేదు.

"వారంగా నీకు నిద్రెందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసింది" అన్నాడు జాన్ బాషా.

"మీచేత ఒట్టేయించి, నేను ఫోను పట్టుకున్నాను. నాకు బుద్ధి లేదు" అంది నజీరా.

రామమూర్తి కారు వచ్చింది అప్పుడే. నజీరా మాట మధ్యలో ఆగిపోయినప్పటి నుంచి ఆయన చెవికి ఫోను ఆనించుకునే ఉన్నాడు. ముందు స్కూటీ కనిపించింది. తర్వాత నజీరా కనిపించింది. తర్వాత ఆమె పక్కన, ఏడాది పాటు రంగు మారకుండా ఉండాల్సిన జాన్ బాషా కనిపించాడు. ఆయన రెండు చేతులూ స్టీరింగు వదిలేశాయి. జ్ఞానప్రసూనాంబ "బ్రేకు!" అని అరిచి తనే హ్యాండ్‌బ్రేకు లాగకపోతే కథ ఇంకోలా ముగిసేది. కారు గిర్రున పక్కకు తిరిగి, మిగిలిన సగం కాయల్లోకి ఎక్కి, స్కూటీకి బెత్తెడు దూరంలో ఆగింది.

ఎర్రటి ధూళి లేచింది. ఇప్పుడు నలుగురూ తుమ్మారు.

"ఎవర్రా నా కాయల్లో బండ్లు తోలేది! కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అంటూ కాయలు కలబెట్టే కర్ర పట్టుకుని చెట్టు నీడలోంచి సుబ్బరావమ్మ వచ్చింది. ఆ కాయలు ఆమెవి. నలుగురి ఏడుపూ చూసి కర్ర దించింది. "ఎవరు పోయారు?"

రామమూర్తి దగ్గరికొచ్చి జాన్ బాషా భుజం వేలితో పొడిచి చూశాడు. "నువ్వు... ఏసీలోంచి ఎలా బయటికొచ్చావయ్యా?"

"బండేసుకుని వచ్చా మాస్టారూ. మళ్ళీ అక్కడికే పోతున్నా."

"మళ్ళీనా?"

"ఇంకో లోడుందిగా!"

రామమూర్తి సుభానీ చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాడు. నలుగురు మోయడం, చీటీ, సంతకం, ఏదీ వదల్లేదు. సుబ్బరావమ్మ కర్ర మీద ఆనుకుని అంతా విని, "కాయలు దాచుకునే గోడౌనును ఏసీ అంటారు సారూ. ఏ ఊరు మీది?" అంది. మాస్టారు చొక్కా మీది కారం దులుపుకున్నాడు. జ్ఞానప్రసూనాంబ నలభై ఏళ్ళ తెలుగు పాఠం గురించి ఒక ముక్క అంది. తుమ్ముల్లో అది ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

అంతలో ఒక కానిస్టేబుల్ బైకు మీద వచ్చి ఆగాడు. "ఏంటిది? ఏం జరిగింది?" అని అడిగాడు. చెప్పబోయిన ప్రతివాళ్ళూ తుమ్మారు. ఆయన చుట్టూ కలియజూశాడు. నజీరా ఫోను కాయల అడుగున ఎక్కడో ఉంది. మాస్టారి ఫోను సీటు కిందికి జారిపోయింది. స్కూటీ, కారు తారు దిగి మార్జిన్లో ఉన్నాయి. రోడ్డు మీదికి సగం వచ్చి ఉన్నది ఒక్క ట్రాలీ ఆటో. చేతిలో ఫోను ఉన్నది దాని డ్రైవరు ఒక్కడికే.

"బండి నీదేనా?"

"నాదే సార్. ఫోను మాట్లాడాలని..."

"ఫోను మాట్లాడాలని రోడ్డుకు అడ్డంగా నిలుపుతావా?" అంటూ కానిస్టేబుల్ తన ఫోను తీసి, నంబరు ప్లేటు పడేలా, వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీసుకున్నాడు. నజీరా అడ్డం పడి నిజం చెప్పబోయింది గానీ, కారం ఆమెను ఇంకా మాట్లాడనివ్వలేదు.

ఆ పూట పర్చూరు రోడ్డు మీద బండి ఆపి, దిగి, నిలబడి ఫోను మాట్లాడినవాడు జాన్ బాషా ఒక్కడే. చలానా వచ్చింది కూడా అతనొక్కడికే.